నిపుణుల బృందం

చక్రాల కుర్చీలు బాగుచేసే ఆ షెడ్డులో పదకొండు కుర్చీలు కుంటుపడి ఉన్నాయి. గ్రాంటు కోసం అక్క కొడుకు రాసిన దరఖాస్తు వింటున్న, ఆ షెడ్డును ఒక్కతే నడిపే పిన్నికి మామూలుగా ముక్కు మీదుండే కోపం ఆ రోజు నెత్తికెక్కింది.

"ఆపరా! నిపుణుల బృందమా? ఎక్కడుందో చూపించు, నేనూ ఓ దండం పెట్టుకుంటాను."

"అలా రాస్తేనే ఇస్తారు పిన్నీ. పోయినసారి ఒక్క మనిషే అని రాస్తే తిప్పి పంపేశారు."

"అందుకని లేనివాళ్ళని పుట్టిస్తావా? రేపు చూడ్డానికొస్తే నీ జేబులోంచి తీస్తావా ఆ బృందాన్ని?"

"ఈసారీ ఇవ్వకపోతే షెడ్డు మూతే. మరి నువ్వే చెప్పు, ఏం రాయను?"

"ఆ మూల కుర్చీ దర్జీ ఆవిడది. నాలుగు నెలలుగా గడప దాటలేదు. అది రాశావా?"

"లబ్ధిదారుల ఇబ్బందులు అని రాశాను."

"నీ మొహం! గడప దాటలేదని రాయి, చదివినవాడికి తగులుతుంది."

"సరే, రాస్తా. ఏం అడగమంటావు, కొత్త చక్రాలా?"

"చక్రాలు ఎక్కడైనా ఏరుకొస్తాను. బిగించే చేతులు కావాలి. పని నేర్చుకునే ఇద్దరు ఆడపిల్లలకి ఏడాది జీతం అడుగు."

"చేతులు నీకున్నాయిగా! ఎందుకని అడుగుతారు."

పిన్ని కుడిచెయ్యి చాచి పిడికిలి బిగించబోయింది. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

"పట్టు పోయిందని రాయి."

"ఎప్పటినుంచి పిన్నీ? మాకెవరికీ చెప్పలేదేం?"

"ఆ ఫారంలో ఎప్పటినుంచని అడిగే గడి ఉందా? లేదుగా! అడిగినదానికి రాయి."