ఒక్క బరకం చాలు

ఏంటే క్రిస్టినా, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చో, ఈ చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి. మీ నానమ్మ ప్రార్థన గురించా? పాస్టరయ్యగారు ఆదివారం గుడిలో చెప్పారా? చెబుతారు, ఎందుకు చెప్పరు! రూతమ్మగారిలా కావలసినంతే అడగాలి, తృప్తిగా ఉండాలి అని. పోయి ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదనుకో ఆవిడ. నా తోడికోడలే, నాకంటే చిన్నది, "అక్కా అక్కా" అంటూ నా వెనకే తిరిగేది. నాకేమో ఆవిణ్ణి చూస్తే కడుపుమంట. ఉన్నమాటే చెబుతున్నాను, ఇప్పటికీ మంటే.

అప్పట్లో శుక్రవారం ఇంటి కూటంలో ఒక్కొక్కళ్ళూ లేచి మనవి చెప్పాలి. నేను లేచానంటే పిల్లల చదువులు, గేదె చూడి కట్టడం, మీ పెద్దతాత తాగుడు, చవక మందు కోసం ఆయనెక్కే యానాం బస్సులన్నీ ఆగిపోవాలని, అన్నీ చెప్పేదాన్ని. వెనక కూర్చున్న పక్కింటి ఆశాజ్యోతి "ఇంక ఆమేన్ అనవే" అని గొణిగేది. మీ నానమ్మ లేచి "ప్రభువా, రేపటికి కూర లేదు" అని కూర్చునేది. అంతే! తెల్లారేసరికి ఎవరో ఒకరు ఆనపకాయ తెచ్చి గుమ్మంలో పెట్టేవారు. పెట్టరూ? కూటంలో అందరూ విన్నారాయె! "దేవుడి మాటేమో గానీ ఊరు వింటుందని తెలుసు దానికి" అన్నాను మీ పెద్దతాతతో. "అయితే నువ్వూ ఆనపకాయే అడగొచ్చుగా" అన్నాడాయన. ఆ పూట ఆయనకి చారు కూడా పొయ్యలేదు.

ఒక ఏడు కోతలప్పుడు తుఫానన్నారు. ఇద్దరివీ కౌలు చేలే, పక్కపక్కనే, కుప్పలు చేలోనే ఉన్నాయి. నేను కూటంలో మోకాళ్ళ మీద పడి "తుఫాన్ని ఒరిస్సా వైపు తిప్పెయ్యి తండ్రీ" అని ఏడ్చాను. మీ నానమ్మ "కుప్ప మీదకి ఒక్క బరకం చాలు ప్రభువా" అంది. సాయంత్రానికి కూటానికొచ్చే లారీల చంద్రరావుగారు లారీ మీద కప్పే బరకం ఇచ్చి పంపారు. తుఫాను తిరగలేదు. నా కుప్పకి మొలకలొచ్చాయి. ఆవిడేమో నూర్చగానే బస్తా ధాన్యం మోయించుకొచ్చి "మాకిది ఎక్కువే అక్కా" అంది. తీసుకున్నాను, పిల్లలున్నారు మరి. తిన్నన్నాళ్ళూ ఒళ్ళు మండింది.

తర్వాత ఎన్నేళ్ళకో మీ నానమ్మ జబ్బుచేసి కాకినాడ ఆసుపత్రిలో పడింది. నువ్వప్పుడు నెలల పిల్లవి. కబురొస్తే బస్సెక్కాను. దారి పొడుగునా ఊరుకున్నానా? "పదేళ్ళియ్యి తండ్రీ, మనవరాలు బడికెళ్ళడం చూడాలి" అని నోరెండిపోయేదాకా అడిగాను. కండక్టరు వచ్చి టిక్కెట్టంటే "ఉండవయ్యా" అన్నాను. వెళ్ళేసరికి కళ్ళు తెరిచి ఉంది. చెయ్యి పట్టుకుని "వచ్చేశావా అక్కా" అంది. అంతే, పోయింది. మీ నాన్న అప్పుడు చెప్పాడు, "పొద్దుట్నించీ ఒకటే ప్రార్థన పెద్దమ్మా. అక్క వచ్చేదాకా ఉంచు ప్రభువా, అది చాలు అని."

చాలంట! నేను పదేళ్ళు అడుగుతుంటే ఇది ఒక్క పూట అడిగింది. మళ్ళీ దాని మాటే విన్నాడు.

ఆ ఈనె సరిగ్గా తియ్యవే, నోటికి తగులుద్ది.