కుముదా సార్

తిరుపతి. ఆదివారం మధ్యాహ్నం. టీవీ ముందు నలుగురు: కుముద, ఆమె భర్త బాలాజీ, కాలేజీలో చదివే కూతురు రాజీ, అత్తగారు దేవకమ్మ.

"రిమోటు ఇట్లా ఇయ్యి రాజీ. నాకు ఇంగ్లీషు సినిమా వొద్దంటే వొద్దు."

"ఇయ్యను నాయనా. పోయిన ఆదివారం నీ సినిమా, ఈ ఆదివారం నాది. ఒప్పుకున్నావు గదా?"

"ఒప్పుకున్నాను. ఇంత పాతదని చెప్పినావా? మా నాయనకు పెండ్లి కాకముందుది మాదిరి ఉండాది."

"పాతదైతే ఏం? నవ్వలేక చస్తారని మా మేడం చెప్పింది. ఒక ఆఫీసు, ఒక బాసు, ఆయన సెక్రటరీ. అంతే కథ. కింద అక్షరాలు పడతాయి, సదువుకో."

"సదువుకుంటా కూర్చునేదానికి సినిమా ఏందికి? ఏం కుముదా, నువ్వన్నా చెప్పు."

"ఉండనీండి. మనం రోజూ సూసేది ఆఫీసే గదా. వాళ్ళది ఎట్లుంటాదో సూస్తాం."

"అదే నేను గూడా చెప్పేది. ఆదివారం గూడా ఆఫీసేనా? అదో, ఫోను మోగుతాండాది. తియ్యి."

"మీ పక్కనే ఉండాది."

"నువ్వయితే బాగా మాట్లాడతావు."

"హలో, కుముదా ట్రావెల్స్... ఆ, కాణిపాకమా? రేపు పొద్దున్నేనా? ముసలోళ్ళుంటే పెద్ద బండి తీసుకోండి అణ్ణా, కాళ్ళు చాపుకోవచ్చు... సారా? ఉండండి. ఏమండీ, మీతో మాట్లాడాలంట."

"బయటికి పోయినాడని చెప్పు."

"సారు బయటికి పోయినారణ్ణా. ఏమన్నా ఉంటే నాకు చెప్పండి... సరే, డ్రైవరు వస్తాడు. ఉంటాను."

"రేపు రేణిగుంటలో మన కొత్తాఫీసు తెరిచేస్తే ఇట్లాటి ఫోన్లు సగం మునికుమార్ సూసుకుంటాడులే. నీకు తెరిపి."

"మీ అక్క కొడుకే ఆడ కూర్చునేది, అంతేనా? నేను కూర్చుంటానని ఎన్ని తూర్లు అడిగినాను!"

"మల్ల అదే మాట. రైల్వే స్టేషను కాడ, డ్రైవర్ల మధ్యన, ఆడమనిషివి నువ్వేం కూర్చుంటావు?"

"ఆ డ్రైవర్లను రోజూ నిద్ర లేపేది నేనే గదా."

"ఫోన్లో లేపేది వేరే. సినిమా సూడనీ."

"ఏమే పాపా, ఆ టకటకా టైపు కొట్టేది ఎవురు? ఆయప్ప పెండ్లామా?"

"కాదవ్వా. సెక్రటరీ."

"కాఫీ తెచ్చిచ్చె. కోటు దులిపె. ఆయప్ప మర్సిపోయినవన్నీ ఈయమ్మే గుర్తు చేస్తాండాది. పెండ్లాం కాదంటావేందే?"

"ఆమెకు జీతమిస్తాడవ్వా."

"జీతమా? అట్లయితే కాదులే."

"నువ్వేందికమ్మా అట్లా నవ్వుతాండావు?"

"నవ్వే సినిమా అన్నావు గదా."

"ష్! సూడండి. బాసు పాత ఫైళ్ళ గదిలోకి పోయినాడు, తలుపు మూసుకొని గడె పడిపోయె! తడతాండాడు, అరస్తాండాడు. పాపం, ఎవురికీ వినపళ్ళా."

"సెక్రటరీకి వినపడింది నాయనా. రేడియో సౌండు పెంచింది, సూడు."

"హహ్హా! గట్టి మనిషే!"

"తెల్లారినా ఎవురికీ తెలీలా. బాసు లేడు, ఆఫీసు జరిగిపోతాండాది."

"అట్లాంటి బాసు మరి! పనికిమాలినోడు. సంతకం గూడా ఆమే పెడతాండాది. ఆమె లేకుంటే వానికి చెప్పుల జత గూడా దొరకదు. ఎట్లాటోళ్ళు ఉంటారబ్బా లోకంలో! కుముదా, ఆ మురుకుల డబ్బా ఇట్లా పెట్టు."

"మీ చేతికి అందుతాది గదా."

"అందుతాది... నువ్వు లేస్తే నీళ్ళు గూడా తెస్తావని."

"నాయనా, గాజు తలుపు మీద ఎవురి పేరు రాసుండాదో సూసినావా? బాసు పేరు. పని చేసేది ఆమె."

"అందుకే ఆమెకు కడుపుమంట. మీ అమ్మకు ఆ బాధ లేదు. మన బోర్డు మీద ఎవురి పేరుండాది? తిరుపతిలో పెండ్లాం పేరు అంత పెద్ద అక్షరాల్తో రాయించినోళ్ళు ఎంతమంది ఉండారో చెప్పు?"

"మన వీధిలోనే ఉండారు నాయనా. బియ్యం మండీ, బట్టలంగడి, చీటీల కంపెనీ, అన్నీ ఆడోళ్ళ పేర్లే. లోపల కూర్చునేది మొగోళ్ళు."

"ఏమండీ, ఫోన్లో 'కుముద గారా' అంటే 'అవును, చెప్పండి' అనేది ఎవురు?"

"అది వ్యాపారం కుముదా. ప్రతివోనికీ కాదయ్యా, నేను బాలాజీని అని చెప్పుకుంటా కూర్చోవాల్నా?"

"బస్టాండు కాడ ఆటోవాళ్ళు నిన్ను కుముదా సార్ అంటారు నాయనా. మా ఫ్రెండ్స్ ఒకటే నవ్వడం."

"అననీ. నాకేం నామోషీ లేదు."

"మీకేందికి నామోషీ? నన్ను ఏమంటారో తెలుసా వాళ్ళు?"

"ఏమంటారు?"

"కుముదా సార్ వాళ్ళింటామె."

"...అది... వాళ్ళకేం తెలుసు, సదువులేనోళ్ళు. రాజీ, సౌండు పెంచు."

"బాసు బయటపడినాడు నాయనా. నేను లేకుండా ఎట్లా నడిపినారని కండ్లనీళ్ళు పెట్టుకుంటాండాడు."

"ఇంగ ఆయమ్మి ఆడ ఉంటాదంటావా అబ్బోడా?"

"ఉండక యాడికి పోతాదిమా? అలవాటు పడిన చోటు. తిట్టుకుంటాది, రెండు దినాలు మొగం మాడ్సుకుంటాది, మల్ల ఆడనే. అట్లాటి మనిషి పోదు."

"పోదంటారా?"

"పోదు కుముదా. రాసిస్తాను. అన్నట్టు, రేపు నువ్వొచ్చి మునికుమార్ పక్కన కూర్చో. ఏ పార్టీ ఎట్లా బేరమాడతాదో, ఏ డ్రైవరు యాడ బండి ఆపి నిద్రపోతాడో అంతా వానికి నేర్పియ్యి."

"మీరు నేర్పించండి."

"నాకేం తెలుసు? అంటే... నాకు తీరిక యాడుండాది?"

"రేపు నాకు గూడా కుదరదండీ. రేణిగుంటకు పోవాల."

"నేను చెప్పేదీ రేణిగుంటే గదా."

"మన ఆఫీసుకు కాదు. రాజీ, సినిమా కొంచిం ఆపమ్మా. అత్తా, మీరు గూడా వినండి. ఆ వీధిలోనే మన దానికి ఎదురుగా చక్రధర్ ట్రావెల్స్ వాళ్ళు గూడా ఆఫీసు తెరస్తాండారు. మేనేజరుగా రమ్మంటే వస్తానని చెప్పినాను. రేపు ఆడ పాలు పొంగించేది నేనే."