మడతకుర్చీ గొళ్ళెం ఎవరిది?

ఆగండాగండి, ఇది వినేసి వెళ్ళండి! మడతకుర్చీకి గొళ్ళెం పెట్టాలన్న ఆలోచన ఎవరిదో తేలక, విడిపోయిన బావా బావమరదుల కంపెనీలు నాలుగేళ్ళుగా కోర్టులో కొట్టుకుంటున్నాయి. వాంగ్మూలాల మధ్య విరామంలో ఇద్దరూ కాఫీ మిషన్ దగ్గర ఎదురుపడ్డారు. బావమరిది నోరు ఊరుకోలేదు.

"బావా, నడుం నొప్పి తగ్గిందా?"

"నీతో మాట్లాడొద్దన్నాడు మా లాయరు."

"మావాడూ అదే అన్నాడులే. మన మొదటి కుర్చీ గుర్తుందా? నువ్వు కూర్చోగానే మడతపడిపోయింది!"

"నన్ను లేపకుండా పడీపడీ నవ్వావు కదరా!"

"నవ్వుతూనే గొళ్ళెం పెడదామన్నాం."

"ఇద్దరం ఒకేసారి అన్నాం."

"మరి లోపల గుర్తులేదన్నావేం?"

"అలా చెప్పమన్నారు. ఇప్పుడు నీ వంతేగా?"

"ఇద్దరిదీ అని చెప్పేస్తే?"

"మీ కేసు పోతుంది. మీ వాటాదార్లు నిన్ను కంపెనీలోంచి గెంటేస్తారు."

"అప్పుడు నువ్వు లేపుతావా బావా?"

"ముందు పడీపడీ నవ్వుతా. తర్వాత లేపుతా."

లోపల్నించి లాయరు పిలిచాడు. బావమరిది స్థానంలో మీరుంటే ఏం చెప్తారు?