నేరం రంపపు పొట్టుది

ఆక్సిజన్ యంత్రం గురగురలాడుతోంది. మంచం మీద ముసలి వడ్రంగి, ముక్కుకు గొట్టాలు. మాస్కు పెట్టుకున్న కూతురు గుమ్మం దాటి లోపలికి రావడం లేదు.

"నేను ఒక్క ఊదు ఊదితే రంపపు పొట్టు పక్కవీధిలో పడేది, తెలుసా?"

"ఇప్పుడు కోతలెందుకు నాన్నా! ఆయాసం వస్తుంది."

"సరే, పక్కవీధి కాదులే, పక్కబల్ల మీద. అక్కడి మేస్త్రీ బూతులు తిట్టేవాడు."

"డాక్టరమ్మను అడిగాను. నేను మోసుకొచ్చిన జ్వరం నీకు అంటుకోబట్టే ఊపిరితిత్తులు ఇలా మచ్చలు కట్టి గట్టిపడ్డాయా అని."

"ఏమంది?"

"వైరస్సే మొదలుపెట్టిందో, ముందే ఉన్నదాన్ని ముదరబెట్టిందో తేల్చి చెప్పలేమంది."

"నేను తేలుస్తా విను. నీ జ్వరానికి ముందు ఏడాదంతా దగ్గాను. నేరం పొట్టుది, నీది కాదు."

"నిజంగానా? మాకెవరికీ చెప్పలేదే!"

"చెబితే పనికి పోనిచ్చేవారా?"

ఆమె ఏడుస్తూనే నవ్వింది. మాస్కు లాగేసి, గుమ్మం దాటి వచ్చి ఆయన మీద వాలబోయింది. ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాస్కు! ముందు మాస్కు పెట్టుకో!"

"అంతా పొట్టు వల్లేనన్నావుగా. మరి నేనంటే అంత భయమెందుకు?"

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"పొట్టు పీల్చిన మాట నిజమే తల్లీ. ఆ ఏడాది దగ్గు మాత్రం నేను కల్పించాను."