జడ్జి కుర్చీ పైన ఫెర్న్ ఆకులు

ఇంగ్లండులోని డెవన్‌లో కొత్తగా కడుతున్న కోర్టు హాలులో, జడ్జి కుర్చీకి పైనున్న రాతి తోరణాన్ని ఒక శిల్పి చెక్కుతున్నాడు. అతనికి అత్తగారు కావలసిన మనిషి, బుట్టెడు ఫెర్న్ ఆకులు తెచ్చి ముందు దించింది.

“ఎక్కడివత్తా ఇవి?”

“జడ్జి ప్రిడమ్ దొర అడవిలోవే. ఇవి కోసిందనేగా నా కూతురు టామ్సిన్‌ని జైల్లో వేశాడు!”

“జ్వరంతో కాలిపోతోందని మొత్తుకున్నా వదల్లేదు. శవాన్నే ఇచ్చారు. ఇప్పుడేమో కుర్చీ పైన ఆ ఆకులే చెక్కాలట జడ్జిగారికి. ఏం ముచ్చటో!” అన్నాడు శిల్పి.

“చెక్కు నాయనా, చెక్కు.”

“ఆకుల మధ్య ఎవరిదో ఒక మొహం పెట్టమన్నాడు మేస్త్రి. టామ్సిన్‌ది పెడతా. రోజూ దాన్ని చూసి కుళ్లి చావాలి వాడు.”

“వద్దు.”

“అదేంటత్తా?”

“నా బిడ్డని మళ్లీ వాడి కోర్టులో నిలబెట్టకు. వాడి మొహమే చెక్కు.”

“గుర్తుపట్టి పగలగొట్టిస్తే?”

“కొట్టించనీ. ‘అది నేనే’ అని ఊరందరి ముందూ ఒప్పుకోవాలిగా!”

“అయితే ఆ వేలాడే బుగ్గలు కూడా అచ్చం అలాగే దించేస్తా. నోరు మూసుండాలా, తెరిచుండాలా?”

“తెరిచే ఉండాలి. నా పిల్లని జైలుకి పొమ్మన్న నోరది. గొంతుదాకా ఆకులు కుక్కు.”

కోర్టు తెరిచిన రోజు ప్రిడమ్ తలెత్తి చూశాడు; మొహం కందగడ్డలా అయింది. జనం కిసుక్కున నవ్వారు. అతను మాత్రం దాన్ని పగలగొట్టమనకుండా ఆ మొహం కిందే కూర్చున్నాడు.

“కడుపు చల్లబడిందా అత్తా?”

“లేదు నాయనా. పద, ఇంకోసారి చూసొద్దాం.”