ముఖం మిగిలితే చాలు

ప్రయాణం తండ్రిది, ఒకప్పుడు బస్సు డ్రైవరు. సంచి సర్దుతున్నది కూతురు.

"చొక్కాలు చాలమ్మా. పానాలు పెట్టావా?"

"ఇనుము మోసే వయసా నాన్నా నీది?"

"నా పాత బస్సు నట్లు ఇంకొకళ్ళ పానాలకి లొంగవు."

"పెట్టాన్లే. మోకాలి పట్టీ కూడా పెట్టాను. నాన్నా, పొద్దున ఆ తుక్కు యార్డాయనకి ఫోన్ చేశాను."

"ఎవరు చెయ్యమన్నారు?"

"భయమేసి చేశాను. ఇంజను ఎప్పుడో అమ్మేశాడట."

"అమ్మితే అమ్మాడు. తోలతానన్నానా? లారీ మీద ఎక్కించుకొస్తాను."

"చక్రాలూ లేవట."

"ఇటుకల మీద నిలబెడదాం."

"వెనకనుంచి కోసుకుంటూ వస్తున్నారు నాన్నా. సీట్లు పోయాయి, సగం టాపు పోయింది."

"నేనొచ్చేదాకా ఆగమన్నాను కదా!"

"ఆగాడు కాబట్టే ముందునుంచి నీ డ్రైవరు సీటు దాకా మిగిలింది. రేపు పొద్దున దాకా చూస్తాడట. తర్వాత అదీ కోసేస్తారు."

"ముందు అద్దం?"

"లేదు. ఫ్రేముంది."

"దీపాలు?"

"ఒకటుందట."

"ఒంటికన్నన్నమాట. నాకూ ఒక కన్నే ఆనుతోంది, జోడీయే."

"నవ్వకు. నువ్వు వెళ్ళేసరికి అదైనా ఉంటుందని నమ్మకం లేదు. ఉన్నా ఆ ముక్క ఏం చేసుకుంటావు? రెండు వానలకి తుప్పు పట్టిపోతుంది."

"రేకుల షెడ్డు వేస్తా. ఏటా రంగు వేస్తా. అదే ఎర్ర రంగు."

"నిచ్చెనెక్కి?"

"నువ్వు పట్టుకో."

"ఎందుకిదంతా? ఎన్నిసార్లడిగినా చెప్పవు."

"టైమవుతోంది. మందులు పైన పెట్టు, అందేట్టు."

"చెప్పు నాన్నా."

"మనం ఇల్లు మారాం కదా."

"ఎప్పుడో మారాం. దానికీ దీనికీ..."

"ఆ పాత వీధే లేదిప్పుడు. అటుగా ఎవరైనా వస్తే మన గురించి ఎవర్నడగాలి? ఈ ఊళ్ళో ఎన్నిళ్ళు వెతకాలి? ఇంటి ముందు నా బస్సు ఉందనుకో, చూసి పోల్చుకుంటుంది."

"ఎవరు?"

"ఇంజనుతో ఏం పని, సీట్లతో ఏం పని? రోజూ క్యారేజీ పట్టుకుని ముందు వైపే కదా నిలబడేది. బస్సు ముఖం చూస్తే చాలు."

"నాన్నా. అమ్మ గురించేనా?"

"నేనే దింపాను. వంతెన దాటాక స్టాపులో. వెనక్కి నీ బండికే వస్తాను, సాయంత్రం ట్రిప్పుకి, అంది."

ఆ సాయంత్రం ట్రిప్పుకి తల్లి రాలేదు. కూతురు అప్పుడు మూడో తరగతి. ఆ తర్వాతా రాలేదు.