తలుపుకి నూనె వద్దు

ఆ నూనె డబ్బా కింద పెట్టరా. తలుపు కిర్రుమంటే కిర్రుమననీ. మీ తాత, అదే మా బావ, పోయేదాకా దానికి చుక్క వెయ్యనివ్వలేదు. పిసినారితనం కాదు, నవ్వకు. తుపాకులు బాగుచేసే మనిషికి నూనె కరువా? ఒకప్పుడు కొట్టుకి ఎవరొచ్చినా ఆయనది ఒకటే మాట, "అంతా నూనె రాయి, తుప్పు నీ జోలికి రాదు." మా అక్క వింటూ, "నా తలకి తప్ప అన్నిటికీ రాస్తారు ఈయన" అనేది. ఆ, ఏం చెబుతున్నాను? తోట కాపలాదారు ఒకడుండేవాడు. చెప్పింది చెప్పినట్టు చేసే రకం. అంతా అన్నారు కదా అని తూటాలక్కూడా రాసేశాడు. రాస్తే ఏమవుతుందంటావా? తూటాకి ఇత్తడి తొడుగుంటుంది కదా, పేలగానే అది లోపలి ఒత్తిడికి ఉబ్బి, చుట్టూ ఉన్న ఇనప గోడని కరుచుకుంటుంది. వెనక్కి తన్నే బలం చాలావరకు ఆ పట్టులోనే ఆగిపోతుంది, మిగిలిందే తూటా వెనక మూసి ఉంచే బోల్టు మీద పడుతుంది. నూనె ఉంటే పట్టేదీ? జారిపోతుంది. తన్నంతా బోల్టుకే. ఆ తుపాకీ అసలే అరిగిపోయిన సరుకు. బోల్టు విరిగి వాడి కన్ను తీసేసింది.

చెప్పుకోడానికి సిగ్గేస్తుందిరా. వాడు విరిగిన తుపాకీ కొట్టుకి తెస్తే, మా బావ అందులోని తొడుగు చేతిలోకి తీసుకున్నాడు. జిడ్డు. ఆయనకి తెలిసిపోయింది, పక్కనున్న నాకూ తెలిసింది. తీరా ఏమన్నాడూ? "తూటా పాతది, నీ ఖర్మ." తూటాలకి రాయొద్దని తను చెప్పలేదన్న ముక్క మింగేశాడు. వాడేమో, "మీ మాట విన్నాను కాబట్టి ఒక కన్నుతో పోయింది మేస్త్రీ" అని దణ్ణం పెట్టాడు! ఆ తర్వాత వాడు వీధిలో కనబడితే చాలు, మా బావ ఆకురాయి మీదకి వంగిపోయేవాడు. అక్క లోపలికెళ్లిపోయేది.

ఏళ్లు గడిచాక ఓ రోజు వాడు కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. తన పని కొడుక్కి ఇచ్చారట. "మా వాడికీ మీ మాటే నేర్పాను, చూడండి" అని సంచీ విప్పాడు. తూటాలన్నీ నిగనిగా మెరుస్తున్నాయి. మా బావ ఒక గుడ్డ లాక్కుని ఒక్కోటీ తుడవడం మొదలెట్టాడు. "వీటికి రాయకూడదు బాబూ. ఇవి పొడిగా ఉండాలి." కాపలాదారు ఆ ఉన్న ఒక్క కన్నూ ఆయన మీదే పెట్టి, "మరి ఆ రోజు, మేస్త్రీ?" అన్నాడు. మా బావ తుడుస్తూనే ఉన్నాడు. వాడు తిట్టలేదురా. తిట్టినా బాగుండేది. కొడుకు భుజం తట్టి, "పద" అన్నాడు. దణ్ణం పెట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అక్క ఈ తలుపుకి నూనె వెయ్యబోతే మీ తాత వచ్చి డబ్బా లాక్కుని...

వాన వచ్చేలా ఉంది. దండెం మీద బట్టలున్నాయి, తీసుకురా.